ఉత్తరదేశమునుండి వచ్చిన ఉత్తరములు

“కాశీకి పోయినవాడును, కాటికి పోయినవాడును ఒక్కటే” అను సామెతను మన పెద్దలు ఊరక పుట్టింపలేదు. పెన్న దాటి, కృష్ణ దాటి, గోదావరి దాటి, వింధ్యకావల గంగయొడ్డు చేరబోవువాడు మరల ఇంటి గుమ్మము త్రొక్కునను ఆశ ఆ కాలమున ఎవరికిని ఉండెడిది కాదు. నెల్లూరు తీరవాసులమగు మనకు తూర్పున సముద్రము పెరటి వాకిలి వంటిది. దక్షిణమున చెన్నపట్టణము పొరుగిల్లు వంటిది. ఉత్తరదేశము మాత్రము కథలలో వినునదియే. అట్టి ఉత్తరదేశమునకు రోడ్డు మార్గమున పోయి, క్షేమముగా తిరిగివచ్చి, పోయిన త్రోవనెల్ల మజిలీ మజిలీకి వ్రాసియుంచిన తెలుగువారొకరు కలరు. వారి గ్రంథమును గూర్చి విద్యార్థులకు నాలుగు మాటలు చెప్పుట ఈ వ్యాసముయొక్క మొదటి ఉద్దేశము. అంతటి దూరపు త్రోవను వారికి తెరచి యిచ్చినది ఏది అను ప్రశ్నకు సమాధానము వెదకుట రెండవ ఉద్దేశము. ఉర్దూ, తెలుగు అను రెండు భాషల నీడలో చదువుకొనుచున్న మన విద్యార్థులకు ఆ సమాధానము ఇతరులకంటె ఎక్కువగా అవసరమని మా నమ్మకము.

యాత్రికుడు – గ్రంథము

ఏనుగుల వీరాస్వామయ్య గారు చెన్నపట్టణమున సుప్రీముకోర్టులో దుబాసిగా పనిచేసినవారు. న్యాయస్థానమున తెల్లదొరలకు దేశస్థుల మాటయు, దేశస్థులకు దొరల మాటయు తెలియజెప్పుట వారి ఉద్యోగము. వారు 1830 మే 18వ తేదీ మంగళవారమునాడు కుటుంబముతోను, పరివారముతోను, మొత్తము దాదాపు నూరుమందితో చెన్నపట్టణమునుండి కాశీకి బయలుదేరిరి. 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి చేరుకొనిరి. అనగా ఈ ప్రయాణమునకు పదునైదు నెలల మీద మరియొక పక్షము పట్టెను.

దారిలో తాము చూచిన విశేషములను వారు దినచర్యవలె వ్రాసి, మిత్రులగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల గారికి అప్పుడప్పుడు పంపుచు వచ్చిరి. వీరాస్వామయ్య గారు 1836లో పరమపదించిరి. పిదప రెండేండ్లకు, అనగా 1838లో, శ్రీనివాసపిళ్ల గారు ఆ వ్రాతలను “కాశీయాత్రా చరిత్ర” అను పేర అచ్చొత్తించిరి. 1869లో రెండవ ముద్రణము వెలువడెను. 1941లో దిగవల్లి వేంకటశివరావు గారు విపులమైన వివరణములతో మూడవ ముద్రణమును ప్రకటించిరి. 1973లో ఆంగ్లానువాదమును వచ్చెను. తెలుగు వచనమున యాత్రా గ్రంథములకు ఇది తొలి మెట్టు. మన భాషలో “ఉత్తరము” అనగా ఒక దిక్కు, ఒక జాబు కూడ. ఆ రెండర్థములును ఈ గ్రంథమున కలిసియున్నవి.

నేటి పటములో నాటి త్రోవ

వీరాస్వామయ్య గారు పోయిన దారి ఇది: తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము చూచుకొని, కృష్ణ దాటి హైదరాబాదు చేరిరి. అక్కడినుండి నేరుగా ఉత్తరమునకు సాగి, గోదావరి దాటి నాగపూరు, జబల్పూరు, మీర్జాపూరు మీదుగా ప్రయాగకును కాశికిని పోయిరి. పిమ్మట గయ, పాట్నా, కలకత్తా నగరములను చూచి, పూరీ, గంజాము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, మచిలీపట్టణముల మీదుగా తూర్పు తీరము వెంట దిగి, మన నెల్లూరు సీమ మీదుగా చెన్నపట్టణము చేరిరి.

విద్యార్థులు ఈ దారిని నేటి పటముపై గీచి చూడవలెను. హైదరాబాదునుండి నాగపూరు, జబల్పూరుల మీదుగా కాశికి పోయిన ఆ త్రోవనే ఇంచుమించుగా అనుసరించి తరువాతి కాలమున 7వ సంఖ్య జాతీయ రహదారి ఏర్పడినది. 2010లో సంఖ్యలు మార్చబడినప్పుడు అందలి హైదరాబాదు–నాగపూరు భాగము 44వ సంఖ్య రహదారిలో కలిసినది. ఆ రహదారి శ్రీనగరునుండి కన్యాకుమారి వరకు సాగుచున్నది. ఇక వారు తిరిగివచ్చిన తీరపు త్రోవకు వారసురాలు, కలకత్తా–మద్రాసుల నడుమ నెల్లూరు మీదుగా పోవు రహదారి. మనము చాలకాలము 5వ సంఖ్యతో పిలిచిన ఆ రోడ్డు నేడు 16వ సంఖ్యది. మన ఊరినుండి ఒంగోలునకు బస్సెక్కిన ప్రతి విద్యార్థియు, తెలియకయే, ఆ యాత్రికుని తిరుగుదారిలో కొంత ప్రయాణము చేయుచున్నాడు.

త్రోవ ఎట్లు నడచెను?

ఈనాడు రెండు దినములలో రైలుబండిలో ముగించు ప్రయాణము ఆనాడు ఏల అంత కాలము పట్టెను? మన దేశమున ప్రయాణికులతో తొలి రైలుబండి నడచినది 1853లో. చెన్నపట్టణమునకును బెజవాడకును నడుమ రైలు మార్గము కలిసినది 1899లో. అందుచేత 1830లో ప్రయాణమనగా బోయీలు మోయు పల్లకి, సామానుల బండ్లు, ఎద్దులు, కాలినడక, గంగపై కొంతదూరము పడవ. పెన్నపై వంతెన లేదు, కృష్ణపై లేదు, గోదావరిపై లేదు. ఏరు పొంగినచో తీసిన దాక గట్టుననే కూర్చుండవలెను. మే నెలలో బయలుదేరినవారికి దక్కను పీఠభూమిపై వానకాలము ఎదురుపడక తప్పదు. నల్లరేగడి నేల తడిసినచో బండిచక్రము కదలదు, బోయీ కాలు పైకి రాదు.

దినమునకు ఒక మజిలీ. దూరములను ఆమడలలోను, కోసులలోను లెక్కించెడివారు. ప్రతి మజిలీయందును యాత్రికునికి కావలసినవి కొన్నియే. అవి లేకున్న మాత్రము బ్రతుకు లేదు. త్రాగునీరు ఎక్కడ? బియ్యము, కట్టెలు దొరకు అంగడి కలదా? డేరా వేయుటకు మెరకనేల కలదా? ఊరిలో దిగుటకు సత్రముగాని, చావడిగాని కలదా? ముందున్న దారిలో ఇసుకయా, రాళ్లయా, అడవియా? వీరాస్వామయ్య గారు ఈ సంగతులనే ఓపికతో వ్రాసిరి. తరువాత పోవువానికి తన వ్రాత అక్కరకు రావలెననునదియే వారి తపన. కావ్యమునకు కావలసిన వర్ణనలు అందు తక్కువ. బాటసారికి కావలసిన సమాచారము ఎక్కువ. ఆ గ్రంథముయొక్క గొప్పతనము అందే యున్నది.

భయమును తక్కువది కాదు. నాగపూరు, జబల్పూరు ప్రాంతపు బాటలలో ఠగ్గులు స్నేహము నటించి బాటసారులతో కలిసి నడచి, అదను చూచి ప్రాణములు తీయుచుండిరి. స్లీమన్ అను కంపెనీ అధికారి వారిని అణచుటకు పూనుకొన్నది సరిగా ఆ కాలముననే. నూరుమంది గుంపుగా పోవుట వైభవమునకు కాదు, రక్షణకు.

నోరే త్రోవ

ధనమున్నది, పరివారమున్నది, కంపెనీ ఉద్యోగపు పలుకుబడి యున్నది. ఇవి యున్న ధనికులు చెన్నపట్టణమున ఇంకను అనేకులుండిరి. వారెవ్వరును ఇట్టి గ్రంథమును వ్రాయలేదు. వీరాస్వామయ్య గారికి అధికముగా నున్నది భాష. కోర్టులో దినదినమును రెండు భాషల నడుమ నిలిచి, ఒకరి మాటను ఇంకొకరికి వంకర లేకుండ అందించుట వారికి అలవాటైన విద్య. దారి పొడవునను ఆ విద్యయే వారికి తోడైనది.

ఆ త్రోవలో భాషలెట్లు మారునో గమనింపుడు. చెన్నపట్టణపు పొలిమేర దాటినది మొదలు ఆదిలాబాదు ప్రాంతము వరకు తెలుగు. ఆపైన మరాఠీ. నాగపూరు దాటి ఉత్తరమునకు పోగా హిందూస్థానీ. కలకత్తాలో వంగభాష, పూరీలో ఒడియా. గంజాము ప్రాంతమున తెలుగు మాట మరల చెవిని పడును. పల్లె పల్లెకు నీటి జాడ అడుగవలెను, అంగడివానితో బేరము చేయవలెను, ఠాణాలో తానెవరో చెప్పుకొనవలెను. “నోరు మంచిదైతే ఊరు మంచిది” అని కదా సామెత! నోరు మంచిదగుటకు మంచితనము ఒక్కటి చాలదు. ఎదుటివాని మాటయు కొంత తెలిసియుండవలెను.

“రహదారి” కథ

మేము ఈ గ్రంథభాగమును తరగతిలో బోధించుచున్నప్పుడు ఒక విద్యార్థి లేచి, “సార్, పుస్తకమంతా తెలుగేనంటిరి, సగం మాటలు మా ఇంట్లో మాటల మాదిరే ఉండాయే!” అనెను. తరగతి నవ్వినది. కాని ఆ బాలుడు పండితుడు చెప్పవలసిన మాటను చెప్పెను. మజిలీ, మకాము, సవారీ, సామాను, కిరాయి, దుకాణము, బజారు, ఖర్చు, రవాణా, రసీదు, హమాలీ, జిల్లా, తాలూకా — ప్రయాణమునకును వ్యవహారమునకును చెందిన ఈ మాటలన్నియు అరబ్బీ, పారసీకములనుండి హిందూస్థానీ ద్వారమున తెలుగింట ప్రవేశించి, తెలుగు విభక్తులు తగిలించుకొని, తెలుగుబిడ్డలైనవి. సి.పి. బ్రౌను దొర ఇట్టి మాటలు వేలకొలది కలవని గుర్తించి, తెలుగులోని మిశ్రభాషాపదములకు ప్రత్యేకముగా ఒక నిఘంటువునే కూర్చి 1854లో ప్రకటించెను.

వీటిలో “రహదారి” చరిత్ర మిక్కిలి సొగసైనది. పారసీకమున “రాహ్” అనగా త్రోవ. “రాహ్‌దార్” అనగా త్రోవను కాచువాడు. వాడు బాటసారులనుండి వసూలుచేయు సుంకము “రాహ్‌దారీ”. ఔరంగజేబు చక్రవర్తి తన పాలన తొలినాళ్లలో ఆ సుంకమును ఎత్తివేయ నాజ్ఞాపించెను. కంపెనీ కాలమున ప్రయాణికునికిచ్చు అనుమతి పత్రమునకును ఆ పేరే వాడుకయయ్యెను. నేడు సుంకము మరచితిమి, పత్రము మరచితిమి. పెద్ద రోడ్డుకు ఆ పేరు నిలిచినది. ఏల? తెలుగువాని చెవికి “రహదారి”లో తన “దారి” వినబడినది గనుక అని మా ఊహ. పారసీకపు “దారీ” వేరు, మన “దారి” వేరు. కాని రెండును ఒకచోట కలిసి ఒకే మాటగా నడచుచున్నవి. రోడ్డు ప్రక్కన ఫలకముపై “జాతీయ రహదారి” అని చదువునప్పుడు సంస్కృతమును, పారసీకమును, తెలుగు చెవియు మూడును కలిసిన మాటను చదువుచున్నామని విద్యార్థులు తెలిసికొందురుగాక. “దుబాసి” కూడ ఇట్టిదే. సంస్కృతమున “ద్విభాషి” అయిన మాట హిందూస్థానీ నోట “దుభాషి” యై, తిరిగి తెలుగునకు వచ్చి “దుబాసి” యైనది.

ఇంకొక బాటసారి

మన ఉర్దూ విభాగపు విద్యార్థులు తెలిసికొనదగిన ఇంకొక సంగతి కలదు. వీరాస్వామయ్య గారు హైదరాబాదు నగరమును చూచుటకు రెండేండ్ల ముందు, 1828లో, ఆ నగరమునుండియే యూసుఫ్ ఖాన్ కంబల్‌పోష్ అను నతడు దేశాటనమునకు బయలుదేరెను. “కంబల్‌పోష్” అనగా కంబళి కప్పుకొన్నవాడు. మచిలీపట్టణము, మద్రాసు, ఢాకా, నేపాళము, ఆగ్రా, ఢిల్లీ మొదలైనవి తిరిగి, తుదకు లక్నోలో కొలువు సంపాదించెను. 1837లో కలకత్తానుండి ఓడనెక్కి ఇంగ్లండునకు పోయి వచ్చెను. అతని యాత్రా గ్రంథము 1847లో ఢిల్లీలో అచ్చుపడెను. ఉర్దూ యాత్రా సాహిత్యమునకు అదియే ఆదిగ్రంథమని సాహిత్య చరిత్రకారులు చెప్పుదురు.

చూడుడు: తెలుగున తొలి యాత్రాచరిత్ర 1838, ఉర్దూలో తొలి సఫర్‌నామా 1847. రెంటినడుమ తొమ్మిదేండ్లు. ఒకరు చెన్నపట్టణపు నియోగి బ్రాహ్మణులు, మరియొకరు హైదరాబాదు ముస్లిము. ఇరువురును దక్కనువారే, ఇరువురును ఉత్తరమునకు నడచినవారే, ఇరువురును తమతమ వాడుకభాషలో వ్రాసినవారే. ఒకరిని తెలుగు తరగతిలోను, ఇంకొకరిని ఉర్దూ తరగతిలోను వేరువేరుగా చదివించి, ఇరువురిని ఒకచోట కూర్చుండబెట్టకపోవుట మన లోపము.

చూచినది – విన్నది

యాత్రాగ్రంథమును చదువుటయందు ఒక జాగ్రత్త అవసరము. 1325లో తాంజియరునుండి బయలుదేరి, ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఢిల్లీ ఖాజీగా కూడ పనిచేసిన ఇబ్న్ బతూతా, 1355లో పూర్తియైన తన గ్రంథమున ఉత్తరపు కొస నున్న “చీకటి దేశము”ను వర్ణించెను. వోల్గా నదీతీరపు బుల్గారు పట్టణమునకు నలువది దినముల దూరమట. మంచుపై కుక్కలు లాగు బండ్లలో వర్తకులు పోయి, తమ సరకును ఒకచోట ఉంచి వత్తురట. మరునాడు దాని ప్రక్కన విలువైన చర్మములుండునట. అమ్మినవాని ముఖమును కొన్నవాడు ఎరుగడట. ఇంత చెప్పి, కష్టమెక్కువ, ప్రయోజనము తక్కువ అని తాను మాత్రము అక్కడికి పోలేదని అతడు ఒప్పుకొనెను. ఆయన బుల్గారు వరకైనను పోయెనా అని నేటి పండితులలో పలువురు సందేహించుచున్నారు. అయినను, “పోలేదు” అని వ్రాయుట పాఠకునిపట్ల గౌరవము.

వీరాస్వామయ్య గారి గ్రంథమునకును హద్దులు కలవు. వారు కంపెనీ ఉద్యోగి. కంపెనీ పరిపాలనను మంచిదనియే తలచినవారు. ఒక ఊరివారిని చూచి ఒక జాతినంతను తూచు అలవాటు ఆ కాలపు బాటసారులందరివలె వారికిని కలదు. హైదరాబాదు వీధులలో ఆయుధములు ధరించి తిరుగువారిని చూచి వారు వ్రాసినది ఒక ప్రయాణికుని కంటిచూపుగా గ్రహింపవలెను గాని, నగరవాసులందరిపై తీర్పుగా గ్రహింపరాదు. పల్లకిలో కూర్చున్నవారి వ్రాత అది. పల్లకి మోసిన బోయీల భుజములకు ఆ త్రోవ ఎట్లు తోచెనో దానివలన తెలియదు. ఈ లోపములను ఎరిగి చదివినచో గ్రంథమునకు విలువ తగ్గదు. చదువరికి వివేకము పెరుగును.

మన మాట

ఇప్పుడు మా సొంత సంగతి ఒకటి చెప్పుట తప్పుగాదని తలచెదము. మేము తెలుగు ఎం.ఏ. చదువు దినములలో మా పేరు విని, “మీకు ఇంత తెలుగెట్లు వచ్చినది?” అని ఆశ్చర్యపడినవారు కలరు. సెలవులకు ఇంటికి రాగా, “మన జబాను విడిచి నీకు తెలుగేల?” అని మందలించిన చుట్టములును కలరు. రెండు ప్రశ్నలును ఒక్కటే అని ఆనాడు మాకు తోచలేదు. ఇరుప్రక్కలవారును మనిషికి ఒక్క వాకిలియే ఉండవలెననుకొనుచున్నారు. ఈ దుబాసి గ్రంథమును చదివిన తరువాత మాకు సమాధానము దొరికినది: రెండు వాకిళ్లున్న ఇల్లు లోపము గల ఇల్లు కాదు. అది త్రోవ మీది ఇల్లు.

పైన చెప్పిన విద్యార్థి తండ్రి లారీ నడుపువారు. పొదలకూరు నిమ్మకాయలను ఢిల్లీకి చేర్చుట వారి వృత్తి. “సార్, ఆదిలాబాదు దాటితే మా క్లీనరుకు నోరు పడిపోతుంది. అక్కడినుంచి అంతా మా అబ్బా మాట్లాడాల్సిందే. చెక్‌పోస్టైనా, ధాబా అయినా, టైరు పంక్చరైనా” అని ఆ బాలుడు చెప్పెను. ఆ తండ్రి పెద్దగా చదువుకొన్నవారు కారు. ఇంటి దక్కనీ ఉర్దూ, ఊరి తెలుగు — ఈ రెంటితోనే వీరాస్వామయ్య గారి త్రోవను నెలకు రెండుమార్లు కొలుచుచున్నారు. వారి కుమారుడు మాత్రము ఇంటిమాటను తరగతిలో పలుకుటకు సిగ్గుపడుచుండెను! మజిలీ, మకాముల కథ విన్న దినమునుండి ఆ సిగ్గు కొంత తగ్గినదని మాకు తోచినది. ఉపాధ్యాయునికి అంతకంటె జీతము లేదు.

కావున విద్యార్థులారా! మీకు మూడు పనులు చెప్పుచున్నాము. మీ ఇంట లారీ నడిపినవారో, సైన్యమున పనిచేసినవారో, వ్యాపారమునకు పోయినవారో, ఉత్తరదేశము చూచినవారు ఒక్కరైనను ఉందురు. వారి ఎదుట కూర్చుండి, ఎప్పుడు పోయిరి, ఏ ఊళ్లు దాటిరి, ఏమి తినిరి, ఏ మాట తెలియక చిక్కుపడిరి అని అడిగి వ్రాయుడు. చూచినదానిని “చూచితిమి” అనియు, విన్నదానిని “వింటిమి” అనియు వేరుగా వ్రాయుడు. వారు పలికిన మాటనే వ్రాయుడు. దానిని దిద్ది గ్రంథభాష చేయకుడు.

కళాశాల సంఘమువారికి మా మనవి ఒక్కటే. కాశీయాత్రా చరిత్ర ప్రతియు, కంబల్‌పోష్ సఫర్‌నామా ప్రతియు మన గ్రంథాలయమున ఒకే బీరువాలో నుంచి, సంవత్సరమునకు ఒక్కసారియైనను ఉర్దూ, తెలుగు విద్యార్థులను ఒకే గదిలో కూర్చుండబెట్టి, ఒకరి గ్రంథమును ఇంకొకరికి చదివి అర్థము చెప్పించు ఏర్పాటు చేయవలెను. ఇందుకు పెద్ద ఖర్చు లేదు.

ఈ సంచికయందు తెలుగు భాగము ఎడమ అట్టనుండి ఆరంభమగును, ఉర్దూ భాగము కుడి అట్టనుండి ఆరంభమగును. రెండును నడుమ నొకచోట కలిసికొనును. మనలో పెక్కుమంది తమవైపునుండి మొదలిడి, ఆ నడిమి పుటయొద్ద పుస్తకము మూసివేయుచున్నారు. ఈ సంవత్సరము ఆ పుటను దాటుడు. లిపి రానివారు లిపి తెలిసిన మిత్రుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని చదివించుకొనుడు. దుబాసియైనవాడు తన ప్రయాణమును ఆరంభించినది అట్లే.